ఇరవై ఆరో అక్షరం

బోధన్ బస్సు దిగి ఎండలో నడిచొచ్చే ప్రిస్కిల్లాను చూస్తే నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చేవి. జాలి ఎందుకంటే, నలభై దాటిన మనిషి, ఇల్లూ పిల్లలూ ఉన్న మనిషి, కాలేజీ కుర్రకారు మధ్య మొదటి బెంచీలో ఒద్దికగా కూర్చునేది. కోపం ఎందుకంటారా, కోడింగ్ లెక్క ఇచ్చానంటే చాలు, తప్పు చేసి పెట్టేది. నిజామాబాద్ బస్టాండు వెనక మా కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్పేది నేనే. నా నోరు మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు.

ఆ లెక్కలు తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. ఒక మాటలోని ప్రతి అక్షరాన్నీ మూడేసి అక్షరాలు ముందుకు జరపమంటారు. బి, ఓ, ఎక్స్ అని ఇచ్చారనుకోండి. బి కాస్తా ఇ అవుతుంది, ఓ ఆర్ అవుతుంది. ఎక్స్ దగ్గరికొచ్చేసరికి వై, జెడ్ అయిపోయి మళ్లీ మొదటికి, అంటే ఎ కి రావాలి. ప్రిస్కిల్లా మాత్రం ప్రతిసారీ అక్కడ బి అని రాసేది. పేపర్ తయారుచేసేవాళ్లు తక్కువవాళ్లా? సరిగ్గా ఆ తప్పు జవాబునే ఆప్షన్లలో పెట్టి ఉంచుతారు.

"ఏబీసీడీలు రావా నీకు? ఎల్కేజీ పిల్లల్ని అడుగు, జెప్తరు!" అని ఒకరోజు అందరి ముందూ అరిచాను.

ఆమె లేచి నిలబడి ఎ నుంచి జెడ్ దాకా తడుముకోకుండా అప్పజెప్పింది. "సదివితె అస్తది మేడమ్. లెక్కవెడితెనే తప్పుతున్న. ఎందుకో నాకే సమజైతలేదు" అంది.

పోయినసారి జూనియర్ అసిస్టెంట్ పరీక్షలో ఆమె రెండు మార్కుల తేడాతో ఉద్యోగం పోగొట్టుకుంది. ఆ రెండూ ఇలాంటి లెక్కలే. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ రాయడానికి లేదు. భర్త కిరణ్ కుమార్ రైస్ మిల్లులో హమాలీ. అత్త సాయవ్వ బీడీలు చుడుతుంది. ప్రిస్కిల్లా కూడా పుట్టింట్లో ఊహ తెలిసినప్పటి నుంచి బీడీల మీదే పెరిగింది. పరీక్ష రాస్తానన్నప్పుడు సాయవ్వే, "నువ్వు సదువుకో బిడ్డా, నీ పాలు గూడ నేనే జేస్త" అని కోడలి వంతు పని తన ఒళ్లో వేసుకుంది. తంబాకు ఘాటుకు దగ్గుతూనే ఇద్దరి బీడీలూ చుట్టేది. ఆ దగ్గు వింటూ పుస్తకం ముందు కూర్చోవాలంటే ప్రాణం పోతున్నట్టు ఉంటుందని ప్రిస్కిల్లా నా దగ్గర ఏడ్చింది కూడా.

అలాంటిది, పరీక్ష వారం ఉందనగా మనిషి క్లాసుకు రావడం మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తదు. నాకు ఒళ్లు మండిపోయి బోధన్ బస్సెక్కాను. ఇల్లు కనుక్కుని వెళ్లేసరికి సాయవ్వ జ్వరంతో మంచంలో ఉంది. కోడలు బీడీల చాట ముందేసుకుని గడప దగ్గర కూర్చుంది.

"ఏంది గిది? పరీక్ష ఎవరు రాస్తరు, మీ అత్తనా?" అన్నాను చెప్పులు విప్పుతూనే.

"కార్ఖానకు మాల్ ఇయ్యాలె మేడమ్. ఇయ్యకుంటె అత్త పేరు కొట్టేస్తరు" అంది ప్రిస్కిల్లా, తల ఎత్తకుండా.

"నా మాట ఇంటదా మేడమ్! పోయి సదువుకో అంటె ఇంటలేదు" అని సాయవ్వ మంచంలోంచే మొత్తుకుంది.

ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగిపోతానా? "చేతులు నీ పని జెయ్యనీ, నోరు నా పని జెయ్యనీ" అని ఎదురుగా కూర్చున్నాను. చుట్టిన బీడీలు ఏరి ఆమె కట్టలు కడుతోంది, నేను లెక్కలు అడుగుతున్నాను. క్లాసులో వేళ్ల మీద లోలోపల లెక్కపెట్టుకునే మనిషి, చేతులు ఖాళీ లేక ఇప్పుడు పైకే లెక్కపెడుతోంది.

"ఎక్స్ కు మూడు కలుపు."

"వై..." అని, చేతిలోని బీడీలకు చటుక్కున దారం చుట్టి కట్టను పక్కన పెట్టింది. "ఎ, బి. బి మేడమ్."

"ఆగాగు! జెడ్ ఏదే?"

ఆమె బిత్తరపోయి కట్ట వంక చూసింది, నా వంక చూసింది. "వైతోని ఇరవై అయిదు అయినయ్ గదా మేడమ్. కట్ట అయిపోలే?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బీడీ కట్టకు ఇరవై అయిదు. పలక కంటే ముందు దారం పట్టిన చేతులు ఆమెవి. వై దాకా వచ్చేసరికి ఆ లెక్క దానంతటదే ముడి వేసుకుని కొత్త కట్ట మొదలుపెడుతోంది. పాపం, జెడ్‌కు చోటెక్కడిది!

"ఇరవై అయిదుతోని ఆగకు. కట్టకు సుట్టే దారాన్ని గూడ ఒకటి లెక్కవెట్టు. గా దారమే నీకు జెడ్" అన్నాను.

"గీ దారం ముక్క కోసమా మనం గింత గోస వడ్డం?" అని సాయవ్వ నవ్వి, నవ్వలేక దగ్గింది. నేను బయల్దేరబోతుంటే నా చేయి పట్టుకుని, "ప్రభువే తోలిండు నిన్ను" అంది. నిజానికి నన్ను తోలింది నా కోపమే.

పరీక్ష రాసి బయటికి రాగానే ప్రిస్కిల్లా ఫోన్ చేసింది. "గసొంటియి మస్తుగ ఇచ్చిండ్రు మేడమ్. ప్రతిసారి బొటనవేలుతోని దారం సుట్టుకున్న" అంది. ఆ తర్వాత ఫలితాలొచ్చేదాకా ఆమె నిద్రపోయిందో లేదో గానీ నేను సరిగా పోలేదు.

జాబితాలో ఆమె నంబరు కనబడగానే స్వీట్ డబ్బా కొని మళ్లీ అదే బస్సెక్కాను. కిరణ్ కుమార్ మిల్లు దుమ్ముతోనే పరిగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ప్రిస్కిల్లా నన్ను కావలించుకుని వదల్లేదు. సాయవ్వ మాత్రం చాట ముందు నుంచి లేవలేదు.

"ఇంకెందుకవ్వా, ఇడిసిపెట్టరాదు" అన్నాను.

"సగం కట్ట ఎట్ల ఇడిసిపెడుత మేడమ్?" అని, కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్క బీడీ ఏరింది. పిడికిలి నిండాక దాన్ని కోడలి చేతికిచ్చింది. "దారం నువ్వే గట్టు బిడ్డా. నాకు గిదే ఆఖరి కట్ట."

ప్రిస్కిల్లా అత్త పక్కన కూర్చుని దారం చుట్టి ముడి వేసింది. "జెడ్" అంది.

బడి మొహం చూడని సాయవ్వ కూడా "జెడ్" అంది గట్టిగా. లేచి, చాట దులిపి, గోడకు ఆనించేసింది.