పాపకు పద్నాలుగు, అవ్వకు ముప్పై మూడు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మే మనిషిని కాను. నందికొట్కూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఎవరైనా దిష్టి తగిలిందని పిల్లకు తాయెత్తు కట్టి బడికి పంపితే, దాన్ని పట్టుకుని అరగంట పాఠం చెప్పేవాణ్ణి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఆవిడ దెప్పేది. ఇప్పుడు రాసేది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన మే నెల. ఇంట్లో నలుగురం. నేను, నా భార్య పద్మ, నాలుగేళ్ల పాప, మా అమ్మ. పద్మకు ఏడో నెల. పాప తర్వాత రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారైనా బిడ్డ దక్కాలి, పద్మకు ఏమీ కాకూడదు. నాకు వేరే ఆలోచన ఉండేది కాదు. ఎక్కడో ఒక గర్భిణి చనిపోయిందని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పేవాళ్లు.

ముందు జ్వరం వచ్చింది అమ్మకు. పది రోజులకు తగ్గింది, నీరసం మిగిలింది. అప్పుడు నలుగురం పరీక్ష చేయించుకున్నాం. అమ్మకూ పాపకూ పాజిటివ్. మా ఇద్దరికీ లేదు. పాపకు దగ్గు లేదు, జ్వరం లేదు, రోజంతా గెంతుతూనే ఉంది.

ల్యాబులో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడున్నాడు. ఎవరికి ఎంత వైరస్ ఉందో కనుక్కుందామని ఫోన్ చేశాను. "పాపకు పద్నాలుగు, అవ్వకు ముప్పై మూడు సార్. కటాఫ్ ముప్పై అయిదు. ఈడ శానా రష్షు సార్, మళ్లా చేస్తా" అని పెట్టేశాడు.

ముప్పై అయిదు. జీవితమంతా పాసు మార్కులు చూసిన కళ్లు నావి. ముప్పై మూడంటే అమ్మ గీత దగ్గరికి వచ్చేసింది, ఒంటి నిండా వైరస్సే. పద్నాలుగంటే పాపకు ఏదో కొంచెం అంటింది, అదే పోతుంది. ఇంకొకరిని అడగాలని కూడా తోచలేదు. లెక్కల మాస్టర్ని కదా.

అమ్మను చేనికాడ మోటారు షెడ్డులో ఉంచుదామని నేనే అన్నాను. రేకుల షెడ్డు, ఒక ఫ్యాను, ఒక మంచం. ఆమె ఎదురు చెప్పలేదు. "పోతాలేప్పా. కడుపుతో ఉండే పిల్ల ఇంట్లో ఉండాది. ముసల్దాన్ని, నాకేమి" అని రెండు చీరలు మూట కట్టుకుని బండెక్కింది. పాప తల్లి దగ్గరే పడుకుంటానని ఏడిస్తే సరేలెమ్మన్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం పద్మ, పాప గదిలో పడుకున్నారు. పాప ఎండలోకి పరిగెత్తకుండా లోపల పై గడియ పెట్టుకోమన్నాను. ఆ గడియ నా తలకంటే జానెడు ఎత్తున ఉంటుంది. కిటికీకి ఇనుప కడ్డీలు. రెండింటప్పుడు నేను బయటికి వచ్చి చూస్తే, పాప వసారా చివర ఒంటరిగా కూర్చుని ఉంది. గది తలుపు నెట్టాను, రాలేదు. గట్టిగా కొడితే పద్మ నిద్ర లేచి గడియ తీసింది. పాప తన పక్కన లేదన్న సంగతే ఆమెకు తెలియదు.

నిన్నెవరు ఇక్కడికి తెచ్చారని అడిగాను. "అవ్వ ఎత్తుకొచ్చి కూచోబెట్టింది. అమ్మ కాడ పండుకోవద్దంట" అంది పాప.

అమ్మ నా మాట వినకుండా ఇంటికొచ్చి పాపను ముట్టుకుందని మండిపోయాను. గడియ సంగతి ఆలోచించలేదు. బండేసుకుని చేనికి పోయి, బయట నిలబడే అరిచాను. అమ్మ మంచం మీద నుంచి లేవలేదు. "నేను యాడికీ రాలేదప్పా. లేసి నిలబడేదానికే చాతకావడంల్యా. ఈడ ఉడికిపోతాండా, కరెంటు నిలవడంల్యా" అంది. ఇంటికి రావడానికి సాకులు చెబుతోందనుకున్నాను. బిందెలో నీళ్లు నింపి వచ్చేశాను.

మూడో రోజు పొద్దున సంగటి గిన్నె షెడ్డు గడప దగ్గర పెట్టి కేకేశాను. అమ్మ పలకలేదు. అలిగిందనుకుని తిరిగి వచ్చాను.

ఇంట్లో పాప అన్నం తింటూ, "నాన్నా, నాకే శానా ఉండాదంట. అవ్వకు కొంచెమేనంట" అంది. ఎవరు చెప్పారంటే అవ్వ అంది. దానికి పది వరకు అంకెలే సరిగా రావు. నేను చింతగింజలు తెచ్చి పద్నాలుగు ఒక పక్క, ముప్పై మూడు ఒక పక్క పోసి, ఏది ఎక్కువని అడిగాను. పద్నాలుగు గింజల కుప్ప చూపించింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చూపించింది. వీపు మీద ఒకటి వేశాను. పాప ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది.

ఆ మధ్యాహ్నం గది తలుపు ముందు నేనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల గడియ పడిన చప్పుడు విన్నాను. కుర్చీలోంచి లేచింది ఒక్కసారే, వంటింట్లో కుండలో నీళ్లు ముంచుకుని తాగడానికి. వచ్చి కూర్చున్నానో లేదో, వసారాలో పాప గొంతు వినిపించింది. "సరేలే అవ్వా" అంటోంది. పరిగెత్తాను. పాప తప్ప ఎవరూ లేరు. వెనక్కి వచ్చి గది తలుపు నెట్టి చూశాను. గడియ వేసే ఉంది.

"అవ్వ ఇంక రాదంట" అంది పాప.

పద్మను లేపి, పాపను దగ్గరికి రానివ్వొద్దని మాత్రం చెప్పి చేనికి పోయాను. పొద్దున పెట్టిన గిన్నె పెట్టిన చోటే ఉంది, చీమలు పట్టి. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే బిగుసుకుపోయి ఉంది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మండలం ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది. ప్రాణం పోయి చాలా గంటలైందనీ, తెల్లవారకముందే పోయి ఉంటుందనీ, వడదెబ్బలాగే ఉందనీ చెప్పింది. ముప్పై మూడు కదా మేడమ్, వైరస్ ఎక్కువైపోయిందేమో అన్నాను. పాపకు పద్నాలుగని కూడా చెప్పాను.

"ఆ లెక్క తలకిందులు సార్. మిషన్లో ఎన్నిసార్లు రెట్టింపు చేస్తే వైరస్ కనపడిందో, ఆ అంకె అది. శానా ఉంటే తొందరగా కనపడతాది, అంకె చిన్నదైతాది. అవ్వకు తగ్గిపోతా ఉండింది. పాపకే ఎక్కువ ఉండాది. పిల్లోళ్లకు జ్వరం లేకపోయినా అట్లుంటాది. అయినా అంకెను బట్టి కాదు సార్, ఇద్దరినీ మీ ఆవిడకు దూరం పెట్టాల్సింది" అంది డాక్టరమ్మ.

ముప్పై మూడులోంచి పద్నాలుగు తీస్తే పంతొమ్మిది. పంతొమ్మిదిసార్లు రెట్టింపు చేస్తే అయిదు లక్షలు దాటుతుంది, అమ్మకంటే పాపకు అన్ని రెట్లు ఎక్కువ. అమ్మ శవం పక్కన కూర్చుని ఈ లెక్క కట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడొచ్చింది నాకు లెక్క.

పాపను నేను వేరే గదిలో పెట్టుకున్నాను. రెండు రోజులు పాప పక్కనే ఉన్నా పద్మకు ఎందుకు అంటుకోలేదో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. కర్నూలులో కాన్పు అయింది. బిడ్డ, తల్లి క్షేమం.

నేను ఊరుకోలేదు. పాపను మంచమెక్కించి చూశాను, గడియ అందలేదు. అందిందే అనుకున్నా, బయటికి వచ్చాక లోపలి గడియ ఎవరు వేశారు? నిద్రలో నువ్వే వేసుకున్నావేమో అంటే, పద్మ బిడ్డ మీద ఒట్టు పెట్టింది. ఇక ఆ అంకెల సంగతి. ఆ రోజు మా ఇంట్లో అసలు లెక్క తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మా అమ్మకు సంతకమే రాదు.

పాపకిప్పుడు ఏమీ గుర్తు లేదు. నేను అడగడం మానేశాను. మా అమ్మ ఆ రెండు మధ్యాహ్నాలూ ఇంటికి వచ్చిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇంట్లోంచి పంపేసింది మాత్రం నేనే.