కబ్ద్‌లో పేర్చిన రాళ్లు

పోయిన నెల తిరుమలకు నడిచి వెళ్తూ, మెట్ల దారి పక్కన ఎవరో పేర్చుకున్న రాళ్ల గూడును కాలితో తన్నేశాను. తగిలి పడిపోలేదు, కావాలనే తన్నాను. పక్కనే పసుపు చీర కట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. "కండ్లు కనపడవా అమ్మా? ఇల్లు కావాలని మొక్కుకోని పెట్టినా గదా" అని లేచింది. "కనపడ్తాయి కాబట్టే తన్నినా" అన్నాను. నా కూతురు సిగ్గుతో చచ్చిపోయి, ఆమెకు నా తరఫున దండం పెట్టి, వంగి ఆ రాళ్లన్నీ మళ్లీ పేర్చింది. కొండ పైకి చేరేదాకా నాకంటే పది మెట్లు ముందే నడిచింది. ముసలితనం వస్తే బుద్ధి ఇట్లా మారుతుందేమో అనుకుని ఉంటుంది. నా బుద్ధి ఇప్పుడు మారింది కాదు. రాళ్లు పేర్చడం చూస్తే నాకు ఒళ్లు మండడం తొంభైలో కువైట్‌లో మొదలైంది.

మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ల కోసం చెబుతాను. కొండ నడిచేటప్పుడు రాయి మీద రాయి పెట్టి గూడు కడితే సొంత ఇల్లు అమరుతుందని మా నమ్మకం. దానికి పద్ధతి ఉంది. ఒకరు పెట్టినదాన్ని మరొకరు ముట్టకూడదు, దాని పక్కన ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. ఎంత ఎత్తు పేరిస్తే అంత ఇల్లు. మొక్కు తీరేదాకా బయటికి చెప్పకూడదు. మా అత్త కువైట్ ఎక్కేముందు కొండకు వెళ్లి అట్లా ఒకటి పెట్టి వచ్చింది. అత్త అంటే మా అమ్మ తమ్ముడి పెళ్లాం. ఊళ్లో వాళ్లు వేసుకున్న పునాది ఏళ్ల తరబడి పునాదిగానే ఉండిపోయింది. దాని మధ్యలో జిల్లేడు మొలిచి మా అత్త కంటే ఏపుగా ఎదిగింది. ఆ పునాది మీద మిద్దె లేపాలనే మామ కువైట్ ఎడారిలో కబ్ద్ అనేచోట కఫీల్ తోటలో గొర్రెలు కాసేవాడు. కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని. అత్తా నేనూ పట్నంలో, అర్దియా అనే పేటలో, అదే కఫీల్ ఇంట్లో పని చేసేవాళ్లం. ఆ ఇంటి యజమానురాలినీ మామా అనే పిలవాలి, మా మామనూ మామా అనే పిలవాలి. ఇద్దరూ ఒకచోట ఉన్న శుక్రవారాల్లో నేను పిలిస్తే ఒకరి బదులు ఒకరు పలికేవాళ్లు.

ఇరాక్ సైన్యం వచ్చేనాటికి కఫీల్ కుటుంబం ఎండాకాలం సెలవులకు బయటి దేశంలో ఉంది. సైనికులు అర్దియా ఇంట్లో దూరి టీవీ నుంచి తలుపుల గడియల దాకా ఊడబెరికి తీసుకుపోయారు. మామ పికప్ తెచ్చి మమ్మల్ని తోటకు తీసుకుపోయాడు. కొన్నాళ్లకు దొర వచ్చాడు. కఫీల్ ఫ్లాట్‌లో అద్దెకు ఉండే ఇంజనీరు ఆయన. అంతకుముందు కూడా శుక్రవారం శుక్రవారం తోటకు వచ్చి, కారు ఆపి, ఎండలో ఊరికే నడిచి వెళ్లేవాడు. "నడిచేదానికి గూడా ఈయనకు జీతమిస్తారేమో అడుగు పాపా" అని మామ నాతో అనేవాడు. ఈసారి కారు లేదు, గడ్డం పెరిగి ఉంది. తెల్లవాళ్లను పట్టి అప్పజెప్పాలని, దాచినవాళ్లను ఉరి తీస్తామని అప్పటికే రేడియోలో చెప్పారు. మామ ఆ సంగతి ఎత్తలేదు. గొర్రెల మేత వేసే కొట్టంలో గడ్డి మోపుల వెనక చోటు చేసి, ఆయనకు చాప పరిచాడు.

దొర దేశం స్కాట్లాండ్. ఇంగ్లండ్ అంటే మొహం గంటు పెట్టుకునేవాడు. ఆయన ప్రాణమంతా వాళ్ల కొండల మీదే ఉండేది. కొట్టంలో ఈ గోడ నుంచి ఆ గోడకు పొద్దంతా నడుస్తూ, ఈరోజు ఫలానా కొండ ఎక్కుతున్నానని చెప్పేవాడు. మేత సంచి మీద బొగ్గుతో గీతలు గీసి పేర్లు చెప్పేవాడు. అవి గేలిక్ అని వాళ్ల పాతకాలపు భాషలో పేర్లట, ఆ భాష ఆయనకే సరిగా రాదు. ఆన్ త్యాలఖ్ అంటే కొలిమి. బేన్ జెరెగ్ అంటే ఎర్రకొండ. ఇంకొకటి నోరు తిరగని పేరు, వట్టిపోయిన ఆవుల కోన మీది కొమ్ము అని దాని అర్థం. నేను తెలుగులో చెప్పగానే మామ నవ్వాడు. "వట్టిపోయిన ఆవుల్ని తోలేదానికి మాకూ ఒక కోన ఉండాది. పేరొకటే పెట్టలా" అన్నాడు. అన్నింటికన్నా మారుమూలది అ వైజన్, అంటే కన్నెపిల్ల. రోడ్డు దిగి పొద్దంతా నడిస్తే గానీ దాని పాదం దొరకదు. దూరానికి పచ్చిక బయలు, కాలు పెడితే మోకాలి దాకా నల్లటి బురద. వాగుల మీద వంతెనలుండవు, వాన పడితే నీళ్లు తగ్గేదాకా ఒడ్డున కూర్చోవాల్సిందే. మధ్యలో తాళం లేని రాతి గుడిసె ఒకటి ఉంటుంది. మొన్న పడుకున్నవాడు వదిలిపోయిన కొవ్వొత్తిని ఈరోజు వచ్చినవాడు వెలిగించుకుంటాడు. దొర అన్ని కొండలూ ఎక్కాడు గానీ ఆ కన్నెపిల్ల మాత్రం మిగిలిపోయింది. రెండుసార్లు పోతే రెండుసార్లూ మంచు కమ్మి వెనక్కి పంపింది.

అత్తకు ఈ కథలన్నీ వింతగా ఉండేవి. రొట్టె, చాయ్ ఇచ్చి గడప దగ్గర కూర్చునేది. "పైన గుడి లేదంట గదా, మరి ఎక్కేదెందుకు?" అని ఒకరోజు నాతో అడిగించింది. దొర చాయ్ గ్లాసు కింద పెట్టి, పైన రాళ్ల కుప్ప ఉంటుంది, దాని మీద మా రాయి ఒకటి పెట్టి దిగి వస్తాం అన్నాడు. "ఇంటి కోసరమా?" అని అత్త వెంటనే అడిగింది. నేను మా ఆచారం వివరించి చెబితే దొర పడీ పడీ నవ్వి, అవును, అట్లాగే అనుకొమ్మని చెప్పు అన్నాడు. ఆ రోజుల్లో ఆ మనిషి నవ్వడమే అరుదు. అత్త ఎంత సంబరపడిందో. ఏ దేశం కొండైనా అడిగితే ఇల్లు ఇస్తుందని ఆమెకు రుజువు దొరికింది.

రాళ్ల కుప్పల అసలు పని ఏమిటో దొర మామకు వేరేగా చెప్పాడు. నాకొచ్చిన కాస్త ఇంగ్లిషుతో మధ్యలో మాట మార్చి చెప్పేది నేనే కాబట్టి నాకూ తెలిసింది. మంచు కమ్మినప్పుడు కొండ మీద చేయి చాచితే చేయి కనపడదు. అప్పుడు దారి చూపేది కుప్పలే. ఒకదాని దగ్గర నిలబడితే ఇంకొకటి కనబడేట్టు పెడతారు. రెండు వైపులా కుప్పలు కనబడితే పెద్దవి ఉన్నదే అసలు దారి, చిన్నవి ఎవరో దారి తప్పినవాడు పెట్టినవి. మా తోటకు దక్షిణంగా ఎండిన వాగు ఉంది, అక్కడికి ఎడారిలో తిరిగే బెదూ తెగ గొర్రెల కాపరి ఒకడు వస్తుండేవాడు. తన ట్రక్కులో మనుషుల్ని సౌదీ సరిహద్దు దాటిస్తున్నాడని మామకు తెలిసింది. అక్కడిదాకా చేరితే దొర బతికినట్టే. రోడ్ల మీద చెక్ పోస్టులు, ఎడారిలో ఆకాశం తేటగా ఉంటే నడిచే మనిషి ఎంత దూరానికైనా కనపడతాడు. తోజ్ వచ్చినరోజు పోతానన్నాడు దొర. తోజ్ అంటే అక్కడి దుమ్ముగాలి, లేచిందంటే సూర్యుడే కనపడడు, సైనికులు గుడారాల్లోంచి బయటికి రారు. దిక్సూచి ఫ్లాట్‌లోనే ఉండిపోయింది కాబట్టి కుప్పలు కావాలి. మామ రోజూ గొర్రెల్ని దక్షిణంగా తోలుకుపోయి, దొరికిన రాళ్లు, గట్టి మట్టి పెళ్లలు ఏరి, మోకాలెత్తు కుప్పలు పెడుతూ వాగు దాకా పోయాడు. "మీ అత్తకు చెప్పాకు పాపా. తెలీని మనిషినైతే కొట్టినా ఏం రాబట్టలేరు" అన్నాడు.

అంతా అయ్యాక మామకు జ్వరం తగిలింది. రెండు రోజులు అత్తే గొర్రెలు తోలుకుపోయింది. సాయంత్రం వచ్చి ఎప్పుడూ లేనిది మామ కాళ్లు పట్టింది, కూని రాగాలు తీసింది. ఏమిటే ఈ ముచ్చట అని మామ అడిగితే, "ఏం లేదులేబ్బా" అని మూతి ముడుచుకుని నవ్వుకుంది. మొక్కు బయటపెట్టకూడదు కదా. బయట ఆమె చూసిందేమిటో, చేసిందేమిటో మాకు తెలియదు.

నాలుగో రోజు పొద్దున్నే తోజ్ లేచింది. దొర తలకు మామ తుండుగుడ్డ చుట్టుకుని, నీళ్ల డబ్బా పట్టుకుని, కొట్టం బయట నిలబడ్డాడు. మామవి రెండు చేతులూ పట్టుకుని, కన్నెపిల్ల ఎక్కినరోజు నీ పేరున రాయి పెడతానన్నాడు. మామ "యల్లా" అన్నాడు, ఇక బయల్దేరమని. మొదటి కుప్ప దాకా మనిషి కనబడ్డాడు, తర్వాత దుమ్ము. అత్త చేతులు జోడించింది. "ఎట్ల పోతాడో ఏమో పాపం" అని ఆమె అంటుంటే, మామ జ్వరం మొహంతోనే ధీమాగా నవ్వాడు.

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. తర్వాత పడమటి వైపు నుంచి రెండు జీపులు వచ్చాయి. దక్షిణం నుంచి వస్తే మామకు అర్థమయ్యేదేమో. పడమర అంటే పెద్ద రోడ్డు, రోడ్డు పక్కన సైన్యం గుడారాలు. ఆ జీపులు తిన్నగా రాలేదు, ఆగి ఆగి, ఒక్కొక్క రాళ్ల కుప్ప దగ్గరా నిలబడి చూసుకుంటూ వచ్చాయి. దారి చూపేందుకు పెట్టిన రాయి పోయేవాడికీ చూపుతుంది, వచ్చేవాడికీ చూపుతుంది. ముందు జీపులో దొర ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, ఒక కన్ను మూసుకుపోయింది. నన్ను చూసి ఇంగ్లిషులో ఒకటే మాట అన్నాడు. పెద్ద కుప్పలున్న దారినే వచ్చానన్నాడు. పక్కనున్న సైనికుడు ఆయన నోటి మీద కొట్టాడు.

ఈ రాళ్లు పెట్టిందెవరని ఆఫీసరు అరబ్బీలో అడిగాడు. మామ పడమటి కుప్పల వైపు చూశాడు. తను పెట్టనివి, తనవాటికంటే ఎత్తుగా, శుభ్రంగా పేర్చినవి. అత్త వైపు తిరిగాడు.

"నువ్వు గానీ పెట్టినావా?"

"నువ్వు పెట్టింటివి గదా, ఇంటి కోసరం. చూసి నేనూ నీ వాటి పక్కనుంచే మొదలుపెట్టి, గొర్రెలు పోయినపక్కకల్లా పెట్టినా. మిద్దె కావల్ల గదా మనకు, అందుకే పెద్దగా పెట్టినా" అంది అత్త. జీపులు ఎందుకొచ్చాయో, ఆ రాళ్లకూ దొరకూ సంబంధమేమిటో ఆమెకు అప్పటికీ తెలియలేదు. మామ ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "సరే. ఇంగ మాట్లాడాకు" అన్నాడు. తర్వాత ఆఫీసరుతో అరబ్బీలో, అన్నీ నేనే పెట్టాను, ఈ ఆడవాళ్లకు ఏమీ తెలియదు అని చెప్పాడు. తుపాకి మడమతో మూతి మీద కొట్టారు. ఊడిన పళ్లు ఉమ్మి, మళ్లీ అదే మాట చెప్పాడు. కుప్పలన్నీ కాలితో తన్నించారు ఆయన చేతనే, జ్వరంతో తూలుతున్న మనిషిని జీపు ముందు నడిపిస్తూ. ఇద్దరినీ ఎక్కించుకుని పోయారు. పోతూ పోతూ గొర్రెల్ని కూడా తోలుకుపోయారు.

మూడో రోజు ఒక ట్రక్కు వచ్చి గేటు ముందు ఆగింది. మేత మోపు దించినట్టు మామను దించి పోయింది. మెడ చుట్టూ తాడు వొరిపిడి నల్లగా కమిలి ఉంది. కాల్చడానికి కట్టెలు లేవు, పిలవడానికి మనుషులు లేరు. అత్తా నేనూ కొట్టం వెనక గుంత తవ్వాం. ఆ నేల పార దిగని నేల, లోతు పోలేదు. కుక్కలు తోడేస్తాయేమోనని నేను భయపడుతుంటే, అత్త చేతులకు అంటిన మట్టి దులుపుకుని, "మీ మామ ఆ రాళ్లు దేనికి పెట్టినాడు పాపా?" అని అడిగింది. చెప్పాను. ఇంక దాచి ఏం లాభం? మొత్తం విన్నది. ఏడవలేదు. లేచి పడమటి వైపు నడిచి, చెదిరిన కుప్పల్లోంచి రాళ్లు ఒళ్లో వేసుకుని తెచ్చి గుంత మీద పేర్చడం మొదలుపెట్టింది. ఎన్నోసార్లు తిరిగింది. నేను దగ్గర్లో ఉన్న మామ కుప్పల నుంచి తేబోతే వద్దంది. "అవి చిన్నవి. కుక్కలు లాగేస్తాయి. నావి పెద్దవి" అంది.

తర్వాత బస్సుల్లో బాగ్దాద్, అక్కడి నుంచి అమ్మాన్, విమానంలో బొంబాయి. ఆ ప్రయాణం గురించి చాలామంది చాలా చెప్పారు, నేను కొత్తగా చెప్పేది లేదు. యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, అక్కడ చనిపోయినవాళ్ల కుటుంబాలకు నష్టపరిహారం వచ్చింది. ఆ డబ్బుతో జిల్లేడు కొట్టేసి, పునాది మీద మిద్దె లేపారు. అత్త కోరుకున్నట్టే రెండంతస్తులు. కొండ మీద అత్త పెట్టిన గూడు ఫలించిందని ఊళ్లోవాళ్లు అన్నారు, ఆమె ఎదుటే అన్నారు. వాళ్ల నోళ్లు పడిపోను. గృహప్రవేశం నాడు పాలు పొంగించింది మా అమ్మ. అత్త వసారాలో మంచం వేసుకుంది, ఈరోజుకీ అక్కడే పడుకుంటుంది. వానొస్తే మంచం గోడ వారకు జరుపుకుంటుంది గానీ లోపలికి పోదు.

దొరను ఇరాక్‌లో ఏదో ఫ్యాక్టరీలో బందీగా ఉంచి, యుద్ధానికి ముందే వదిలేశారు. మా నంబరు ఎట్లా సంపాదించాడో గానీ, మిద్దె కట్టిన చాన్నాళ్లకు ఒకసారి ఫోన్ చేశాడు. గొంతు ముసలిదైపోయింది. కన్నెపిల్ల ఎక్కానన్నాడు, ఆరోజు మంచు లేదట, సముద్రం దాకా కనిపించిందట. పైన కుప్ప మీద మామ పేరున రాయి పెట్టానని చెబుతూ ఏడ్చాడు. నేను అత్తకు తెలుగులో చెప్పాను. అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది, చేట పక్కన పెట్టలేదు.

"తీసెయ్యమను" అంది.

అదే చెప్పాను. దొర సరేనన్నాడు. అంత దూరం మళ్లీ నడిచి పోయాడో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ల కాలం మా అత్తకు చేసిపెట్టిందల్లా ఆ మిద్దెకు రెండుసార్లు సున్నం కొట్టించడమే.