మా అత్త పెట్టిన అంజూర పండ్లు

మా అత్త పోయి పదిహేను రోజులైంది. అమ్మను చూసి సాయంత్రానికల్లా వచ్చేద్దామని ఆ రోజు ఆదోనిలో పుట్టింటికి వెళ్లాను. మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అత్త పోయింది, బిన్న రా" అన్నాడు. తన తల్లిని నా వరసతో చెప్పాడు పాపం. బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. పక్క సీటులో ఉన్నామె "ఎవురు పోయినారు తల్లీ, మీ అమ్మనా?" అంటే అవునన్నాను. నన్ను ఆ బస్సెక్కించింది మా అమ్మే. అయినా అబద్ధం ఆడినట్టు అనిపించలేదు.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నా కడుపు గురించి చెప్పాలి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

నేను కోడలిగా వచ్చింది నేతపని ఇంటికి. మరుగుదొడ్డి పెరట్లో ఉండేది. అక్కడికి వెళ్లాలంటే మగ్గాల గది దాటాలి. వెలుతురు రాగానే మామ, మా ఆయన, మరిది గుంట మగ్గాల్లో దిగి కూర్చునేవాళ్లు. కొత్త కోడలు చెంబు పట్టుకుని వాళ్ల ముందు నుంచి ఎలా వెళ్తుంది? పట్టీలు గల్లుమంటే మూడు తలలూ పైకి లేస్తాయి. అందుకని నేనో గొప్ప ఉపాయం కనిపెట్టాను. తక్కువ తినడం, నీళ్లు తాగకపోవడం. వెళ్లే అవసరమే ఉండదు కదా అని. తీరా చూస్తే అసలుకే మోసం వచ్చింది. నాలుగు రోజులకు కడుపు రాయిలా బిగుసుకుపోయింది. ఎవరికి చెప్పుకోను?

ఐదో రోజు పొద్దున అత్త మగ్గాల గది గడపలో నిలబడి, "లేసి అంగట్లో టీ తాగి రాపోండి. పాలు ఇరిగిపోయినాయి" అంది. పాలు శుభ్రంగా పొయ్యి మీద కాగుతున్నాయి. వాళ్లు వెళ్లగానే నాలుగు అంజూర పండ్లు, మెత్తటి జామపండు కోసి పళ్లెంలో పెట్టింది. పక్కనే చెంబెడు నీళ్లు.

"తిను పాపా. నీళ్లన్నీ తాగు. వాళ్లు అరగంట దాంక రారు" అంది.

ఏమైందని అడగలేదు. నా మొహం కూడా చూడకుండా గంపలోని దారపు చిలపలు సర్దుకుంటూ కూర్చుంది. రోజూ పండ్లు, రోజూ నీళ్లు, రోజూ ఆ అరగంట. మూడో నాటికి ప్రాణం లేచొచ్చింది. మా మగవాళ్లకు పొద్దుటి టీ అంగట్లోనే తాగడం ఆనవాయితీ అయిపోయింది. వాళ్లమ్మ పాలకు పిసినారితనం చేసిందనే మా ఆయన ఇప్పటికీ అనుకుంటాడు. నేను దిద్దలేదు.

మా వైపు పండ్లు కొంటే దేవుడికో, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకో. అత్త బజారు నుంచి పండ్ల సంచితో వస్తుంటే వీధిలో ఎవరో ఒకరు "ఎవురికి బాగలేదక్కా?" అనేవాళ్లు. "అందరమూ బాగుండేటప్పుడే తిందామని తెచ్చినా" అనేది. రోజంతా గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే వీధి అది, కడుపు బాధ లేని ఇల్లుండేది కాదు. ఆడవాళ్లు వచ్చి ఆమె చెవిలో చెప్పుకునేవాళ్లు. బిళ్లలు మింగే అలవాటున్నవాళ్లను మాత్రం తిట్టేది. "బిళ్ల తరుముతాది, పండు బతిమాలుతాది" అనేది. ఒకామె రక్తం పడుతోందని చెప్పినప్పుడు పండు మాటే ఎత్తలేదు. ఆ పూటే ఆమెను వెంటబెట్టుకుని ఆదోనిలో డాక్టరు దగ్గరికి వెళ్లింది.

అంత తెలిసిన మనిషి ఈ ఏడు జారిపడి తుంటి విరిగి మంచమెక్కింది. అన్నం పెడితే "ఆకలి లేదు పాపా" అనేది, నీళ్లిస్తే "దప్పిక లేదు" అనేది. నొప్పికి నోరు చచ్చిందనుకున్నాను. వారం తర్వాత దుప్పటి మారుస్తుంటే నా చెయ్యి ఆమె పొట్టకు తగిలింది. రాయి.

"ఎన్ని దినాలైంది అత్తా?"

గోడ వైపు తిరిగింది. "నీతో ఆ గలీజు ఎత్తించుకోవల్లంటే సిగ్గయితాంది. తినకుంటే ఆ బాధ ఉండదు గదా" అంది.

నేను అడక్కుండానే నా అవస్థ కనిపెట్టిన మనిషి పక్కనే వారం తిరిగి, నేను ఏమీ చూడలేదు. అది నా తప్పు, ఎవరు సర్దిచెప్పినా పోదు. డాక్టరమ్మను పిలిపించాను. మందిచ్చి, పండ్లూ నీళ్లూ మాననివ్వొద్దంది. ఎండు అంజూరాలు నానబెట్టి, చిదిమి, చెంచాతో పెట్టాను. రెండో రోజు మధ్యాహ్నం కడుపు తేలికైంది. నేను శుభ్రం చేస్తున్నంతసేపూ కళ్లు మూసుకుని ఏడ్చింది. ఉతికిన చీర చుట్టాక నా చెయ్యి పట్టుకుని, "ఇంగ నీ కాడ సిగ్గు లేదులే పాపా" అంది.

తర్వాత నెలకు నిద్రలోనే పోయింది. కష్టపడలేదని అందరూ అంటున్నారు. నిజమే. కానీ నాకు ఆమె కావాలి. చెప్పకముందే నా బాధ తెలుసుకునే మనిషి ఈ ఇంట్లో ఇప్పుడెవరున్నారు?

ఆమె కడుపు తేలికైన ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది. ఇంకో రెండు చెంచాలు అడిగి తిని, నా చెయ్యి వదలకుండానే నిద్రపోయింది. పెదవి అంచున సన్నటి అంజూరపు గింజ ఒకటి అంటుకుని ఉంది. తుడిస్తే లేస్తుందేమోనని అలాగే ఉంచి, చూస్తూ కూర్చున్నాను.