డాక్టరు తీయమన్న మెట్టెలు

ఇది ఇంతకు ముందు రాయలేకపోయినాను. మొదట అక్షరాలు రావు. మనవరాలు పలక పట్టిన ఏడాది దాని పక్కన కూర్చొని నేనూ దిద్దుకున్నాను. రాయడం వచ్చినాక కూడా, మా ఆయన బతికుండగా ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆయన లేరు.

అప్పట్లో మాకు తిరుపతిలో బట్టల అంగడి. నాకు చక్కెర జబ్బని తేల్చిన డాక్టరు ఎదుట ఒకే కుర్చీ ఉండేది. అందులో మా ఆయన కూర్చొనేవారు, నేను వెనక నిలబడేదాన్ని. రాత్రిళ్లు ఒంటికి ఎన్నిసార్లు లేస్తుందని డాక్టరు ఆయన్నే అడిగేవాడు. పడుకుంటే పైకప్పు కూలినా కదలని మనిషి, ఒకటి రెండుసార్లు అని చెప్పేవారు. లేచేది నేను. కానీ అడిగింది నన్ను కాదు. పైగా పదిమందిలో మొగుడి మాట కాదంటే ఆయనకు చిన్నతనం.

ఒక ఎండాకాలం పాదాలు వాచి మెట్టెలు వేళ్లలోకి దిగబడినాయి. డాక్టరు చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే, "ఆ మెట్టెలు తీయించేయండి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. బయట బెంచీ నిండా జనం. మా ఆయన మొహం నల్లబడింది. మొగుడు పోతేనే కదా ఆడది మెట్టెలు తీసేది. అది వైద్యం మాటగా మా ఇద్దరిలో ఎవరికీ వినబడలేదు.

ఇంట్లో మా అత్త మండిపడింది. "నా కొడుకు రాయి మాదిరి ఉండంగా కోడలి మెట్టెలు తీమంటాడా? పోయి వాళ్లమ్మకు చెప్పుకోమను" అనింది. మెట్టెలు వేళ్లకే ఉండిపోయినాయి.

మళ్లీ పోయినప్పుడు డాక్టరు గుర్తుపెట్టుకొని, "తీశారా?" అన్నాడు.

"తీసేసింది సార్" అన్నారు మా ఆయన.

నేను కుచ్చెళ్లు పాదాల మీదికి జార్చుకున్నాను. డాక్టరు వంగి చూడలేదు. తలూపి, అవే మాత్రలు రాసినాడు.

కుడికాలి మెట్టె కింద పుండు పడింది. నొప్పి లేదు కాబట్టి దాన్ని ఒక జబ్బనుకోలేదు. వాసన మొదలైనాక గాని భయం పుట్టలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి వేలు నల్లబడిపోయింది. అక్కడి ముసలి డాక్టరు నా మంచం పక్కన కూర్చొని, నా మొహం చూసి అడిగినారు.

"మెట్టె ఎందుకు తీయాలో నీకెవరూ చెప్పలేదా తల్లీ?"

"తీయమన్నారు సార్. ఎందుకో చెప్పలేదు."

అప్పుడు చెప్పినారు ఆయన. రక్తం సరిగా పారని వేలిని ఆ వెండి చుట్టు ఎట్లా కోస్తుందో, ఈ జబ్బులో పాదానికి స్పర్శ పోతే పుండు పడినా ఎందుకు తెలియదో. ఎడమకాలు కూడా అదే దారిలో ఉందన్నారు. అన్నీ నాకు అర్థమయ్యే మాటలే. మా ఆయన గోడకు ఆనుకొని నేల చూస్తా ఉండిపోయినారు.

ఆ సాయంత్రమే వేలు తీసేసినారు. కత్తిరించిన మెట్టెను నర్సమ్మ దూదిలో చుట్టి ఇస్తే, మా ఆయన అంగీ జేబులో వేసుకున్నారు.

తెల్లవారి ఆయన కాఫీ తెచ్చినారు. నేను కాస్త సబ్బునీళ్లు కావాలన్నాను. ఎందుకని అడగకుండా తెచ్చిపెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడినారు. మంచం మీదనే వంగి, ఎడమకాలి వేలు తడిపి, మెల్లగా తిప్పి మెట్టె ఊడదీసినాను. ఇస్తే ఆయన చెయ్యి చాపలేదు. దాన్ని కాఫీ గ్లాసు పక్కన పెట్టి, డాక్టరు వచ్చేదాకా ఆ పాదాన్ని దుప్పటి బయటే ఉంచుకున్నాను.