శేషగిరి గారు పెట్టిన లిమిట్

కెనడాలో మేముండే కిచెనర్‌లో మా తెలుగువాళ్లంతా శేషగిరి గారిని వెనకాల "లిమిట్ గారు" అంటారు. ముందర కూడా అంటారు లెండి, ఆయన నవ్వి ఊరుకుంటారు. మంటలంటుకునే రసాయనాలు ఫ్యాక్టరీల్లో ఒక్కచోట ఎంతవరకు ఉంచొచ్చో, ఎంత దాటితే ప్రభుత్వానికి ముందే చెప్పి ఏర్పాట్లు చేసుకోవాలో తేల్చే టీముల్లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యారు. ఎవరు భోజనానికి పిలిచినా ముందు గరాజ్‌లోకి తొంగి చూస్తారు. "పెట్రోలు డబ్బా హీటర్ పక్కనెందుకు పెట్టావు రూపా?" అని నన్ను అడిగాకే షూ విప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. పిలిచింది పప్పన్నానికి గానీ తనిఖీకి కాదు కదా! ఇప్పుడు మాత్రం మా ఇంట్లో ఏ పండక్కైనా తొలి వడ్డన ఆయనకే.

మా ఆయన సుబ్బరాజు పోయినేడు ఉద్యోగం వదిలేసి చిన్న యూనిట్ పెట్టారు. సర్క్యూట్ బోర్డులు తుడిచే ఆల్కహాల్‌ని డ్రమ్ముల్లో తెప్పించి, సీసాల్లో నింపి, ఇక్కడి టెక్ కంపెనీలకు అమ్మడం. అద్దెకు తీసుకున్న షెడ్ గోడకి అవతలే చిన్నపిల్లల డేకేర్. ఈయనకి ఏదైనా చవగ్గా దొరికితే చాలు, ఇల్లంతా నింపేస్తారు. మా బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాలు చూస్తే కరువొస్తోందేమో అనుకుంటారు ఎవరైనా. అలాగే డ్రమ్ములూ ఏకంగా లారీడు ఆర్డరిచ్చేశారు.

సంగతి తెలిసి శేషగిరి గారు మర్నాడే వచ్చారు.

"రాజు గారూ, అంత సరుకైతే లిమిట్ దాటిపోతుంది. అప్పుడు ముందుగా రిపోర్ట్ చేయాలి, ప్రమాదం జరిగితే ఏం చేస్తారో ప్లాన్ రాయాలి, షెడ్‌కి మార్పులు చేయాలి. అవయ్యేదాకా కొంచెం కొంచెంగా తెప్పించుకోండి."

"ఎవరో ఆఫీసులో కూర్చుని అనుకున్న నంబరే కదండీ!" అన్నారు ఈయన.

"ఊరికే అనుకోం. ఉన్నదంతా ఒక్కసారే అంటుకుంటే వేడి ఎంత దూరం వెళ్తుంది, అంత దూరంలో ఎవరుంటారు, అవన్నీ చూసి పెడతాం. మీ గోడ అవతల ఎవరున్నారో మీకు తెలుసుగా?"

ఈయన ముఖం మాడ్చుకున్నారు. నేను మాత్రం సెల్‌ఫోన్ తెచ్చి చేతిలో పెట్టి, సప్లయర్‌తో మాట్లాడేదాకా ఎదురుగా నిలబడ్డాను. నాలుగు డ్రమ్ములే వచ్చాయి.

ఓపెనింగ్‌కి ముహూర్తం బుధవారం కుదిరింది. కొత్త చోట పాలు పొంగాల్సిందేనని మా అత్తగారు లక్ష్మీకాంతం పట్టుబట్టారు.

"బయట పొంగిద్దాం అత్తయ్యా, లోపల డ్రమ్ములున్నాయి."

"గుమ్మం బయట పొంగితే మనకేం కలిసొస్తుందే?"

తల్లీకొడుకులు ఒక్కటైపోయారు. క్యాంప్ స్టవ్ లోపలే వెలిగించారు. మా ఆరేళ్ల అనన్య పంచదార గిన్నె పట్టుకుని నానమ్మ పక్కనే నిలబడింది. అంతకు కాసేపటి ముందే ఈయన వచ్చినవాళ్లకి సీసాలు నింపి చూపించారు. ఆ డ్రమ్ము కుళాయి సరిగ్గా కట్టేయలేదని ఎవరూ చూసుకోలేదు. ఆల్కహాల్ నేలంతా కారుతోంది, దాని ఆవిరి కంటికి కనిపించదు.

పాలు పొంగాయి. అందరం చప్పట్లు కొట్టాం. అంతలోనే స్టవ్ దగ్గర్నుంచి నీలంగా మంట నేలమీద పాకుతూ డ్రమ్ముల వైపు పరుగెత్తింది. అనన్యని చంకనేసుకుని, అత్తగారి చెయ్యి లాక్కుంటూ ఎలా బయటపడ్డానో దేవుడికే తెలియాలి.

ఫైర్ ఇంజన్లు వచ్చి ఆర్పేసరికి షెడ్ వెనక భాగం కాలిపోయింది. డేకేర్ గోడ మసిబారిందంతే. మనుషులెవరికీ ఏమీ కాలేదు. లోపల డ్రమ్ములెన్నని ఫైర్ కెప్టెన్ అడిగాడు. ఈయన చెప్పి, "లారీడూ ఉండుంటే?" అని అడిగారు.

"ఆ గోడ నిలిచేది కాదు" అన్నాడతను.

ఓపెనింగ్‌కని బయల్దేరిన శేషగిరి గారు అప్పుడే కారు దిగి పరుగెత్తుకొచ్చారు. తడి రోడ్డుమీదే వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆ రుణం జన్మలో తీర్చుకోలేనిదని నాకు తెలుసు. ఆయన కంగారుగా వెనక్కి జరిగారు.

"నాకెందుకమ్మా! ఆ లిమిట్ నేనొక్కణ్ణే పెట్టింది కాదు. ఎక్కడైనా పేలితే పోయినవాళ్ల పేర్లు మాకొచ్చేవి. లిమిట్ వల్ల బతికినవాళ్లెవరో ఒక్కసారీ తెలియలేదు. ఏమీ జరగనప్పుడు మాకెవరు చెబుతారు?"

రోడ్డు అవతల, బయటికి తీసుకొచ్చిన డేకేర్ పిల్లలు తప్పిపోకుండా ఒకే తాడు పట్టుకుని వరసగా నిలబడి, ఫైర్ ఇంజన్‌కేసి చేతులూపుతున్నారు. ఆయన అటు తిరిగి ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఉండిపోయారు.

"వీళ్లన్నమాట" అన్నారు. ఆయన కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి.