చెరువు గట్టు మీద వందనాలు

దెయ్యాల మాట ఎత్తితే ఎదుటివాళ్ళ ముఖం మీదే నవ్వేసే మనిషిని నేను. మా సంఘంలో చనిపోయినవాళ్ళని చనిపోయారు అనం, ప్రభువునందు నిద్రించారు అంటాం. మా ఆయన సమాధి మీదా అదే రాయించాను. అలా నిద్రించినవాళ్ళు లోకాంతాన కడబూర మోగేదాకా లేవరు, మధ్యలో లేచి ఊళ్ళో తిరగరు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు తటపటాయించాను.

మాది గుడివాడ. పెళ్ళయ్యాక నాగాయలంక దగ్గర పల్లెకి వచ్చాను. మా ఆయన ఏసేబు పొలాల నీళ్ళు సముద్రానికి పోయే డ్రైను కాలవలో చేపలకి వల వేసుకుని బతికేవాడు. దారిలో ఎవరు ఎదురైనా "వందనాలండీ" అనేవాడు. అది మా విశ్వాసులు ఒకరికొకరు చెప్పుకునే మాట. ఈయన మాత్రం బడ్డీకొట్టు సాయిబుగారికీ అదే, పూజారిగారికీ అదే.

నన్ను "సిస్టరు" అనేవాడు. పెళ్ళికి ముందు గుడివాడ ప్రార్థన సభల్లో వడ్డన చేస్తూ ఆయన నాతో అన్న మొదటి మాట "సిస్టర్, భోంచేశారా?" అని. పెళ్ళయ్యాక కూడా వంటింట్లో ఎవరూ లేకుండా చూసి అలాగే ఏడిపించేవాడు. కట్టుకున్నదాన్ని సిస్టరు అంటాడా ఎవడైనా? మా అత్త వింటే చీపురు తిరగేసేది. ఆ ముచ్చట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

డ్రైనుకి వెళ్ళే దారిలో ఒక రొయ్యల చెరువు ఉంది. దాని రైతు దొంగల కోసమని గట్టు వెంట కరెంటు తీగ లాగించాడు. ఎవరికీ చెప్పలేదు. ఎప్పటిలాగే వల భుజాన వేసుకుని ఆ గట్టెక్కిన మా ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. మేం పరిగెత్తుకెళ్ళేసరికి శవం ఉంది, తీగ లేదు.

కేసు పెట్టాను. వాయిదా పడ్డప్పుడల్లా బందరు బస్సెక్కి వెళ్తున్నాను, వస్తున్నాను. వాడు బెయిలు మీద దర్జాగా చెరువు చుట్టూ తిరుగుతున్నాడు. నాకు వాడి నాశనం కావాలి. దాచుకోవడం ఎందుకు, దేవుణ్ణి అదే అడిగాను.

శుక్రవారం ఉపవాస కూడికలో లేచి నిలబడి, వాడి పేరు చెప్పి, "ఆయన్ని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అన్నాను. వాడు చేసింది దేవుడు మర్చిపోకూడదని నా ఉద్దేశం. కానీ మా కూడికల్లో ఆ మాటకి ఒకటే అర్థం, ఆ మనిషికి మేలు జరగాలని. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరమ్మగారు నన్ను కావలించుకుని, నీ మనసెంత పెద్దదమ్మా అన్నారు. వాడి ఆరోగ్యం కోసం, పిల్లల కోసం, చివరికి వాడి రొయ్యల కోసం కూడా ప్రార్థన చేశారు. కాదండీ, వాడు చావాలని అడుగుతున్నాను అని అందరి ముందూ ఎలా చెప్పను? పళ్ళు నూరుకుంటూ ఆమెన్ అన్నాను.

అక్కడితో ఆగలేదు. ప్రతి శుక్రవారం నేను లేవకముందే వాళ్ళే వాడి పేరు ఎత్తేవారు.

కూడిక అయ్యాక అందరూ భోంచేసి ఉపవాసం విడిచేవారు. నేను ఏదో వంక చెప్పి తప్పుకునేదాన్ని. వాడు మట్టి కరిచేదాకా శుక్రవారం నాడు మెతుకు ముట్టనని లోపల ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ యేడు చుట్టుపక్కల చెరువులన్నీ వైరస్సు వచ్చి దెబ్బతిన్నాయి. వాడి చెరువు మాత్రం నిక్షేపంగా పండింది. నా కడుపు మండిపోయింది.

అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం వాడే మందిరం బయటికి వచ్చి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. నాతో మాట్లాడాలన్నాడు. పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే వెనక నుంచి ఎవరో "వందనాలండీ" అంటున్నారట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరట. పనివాళ్ళకి వినబడదట.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. భయపడి చావనీ, కంటి మీద కునుకు లేకుండా పోనీ అనుకున్నాను.

తర్వాత మిగతాది చెప్పాడు. ఆ వారమే, అడుగు ముందుకు వెయ్యబోతుంటే ఆ మాట వినబడి ఆగిపోయాడట. చూస్తే చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఏరేటరు కరెంటు వైరు తెగి, కాలు పెట్టబోయే చోటే తడిలో పడి ఉందట. మీ ఆయనే నన్ను బతికించాడమ్మా అని ఏడ్చాడు.

నా ఒళ్ళు మండింది. నా మొగుడు సమాధిలో ఉండి కూడా తనని చంపినవాడికి కాపలా కాస్తున్నాడా? ఒక్కసారి ఆ గొంతు వినాలని నేను గోడకి తల కొట్టుకుంటుంటే, రోజూ వినిపించేది వీడికా? నిజమైతే చూపించమని అప్పుడే వాడి వెంట వెళ్ళాను.

ఎండ కాస్తోంది. ఆయన పడిపోయిన చోటే నిలబడ్డాను. ఏరేటర్ల మోత తప్ప ఇంకేమీ లేదు. అబద్ధాలకోరని నోటికొచ్చినట్టు తిట్టబోయేసరికి వాడు ఉన్నట్టుండి చేతులు జోడించాడు. నా వైపు తిరిగి మెల్లిగా అడిగాడు.

"సిస్టరు భోంచేసిందా అంటున్నాడమ్మా. సిస్టరంటే ఎవరండీ?"

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ఇంటికొచ్చి అన్నం వండుకుని, శుక్రవారం పూట కడుపునిండా తిన్నాను.

వాణ్ణి క్షమించానా అంటే లేదు. కోర్టులో నేను చెప్పాల్సింది చెప్తాను, వాడు జైలుకి వెళ్ళాలి. కానీ పొద్దున్నే లేవగానే నాకే చచ్చిపోవాలనిపించే రోజులు పోయాయి. నేను అన్నం తిన్నానో లేదో చూసుకునే మనిషి ఆ ప్రభువు దగ్గర ఇంకా ఉన్నాడు.

ఆ పిలుపు నాకు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వినపడలేదు. నన్ను వదిలి వాడికే ఎందుకు వినిపించిందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ఎలాగూ ఒకరోజు ఆయన్ని కలుస్తానుగా, అప్పుడు అడుగుతాను. ముందు తిట్టాల్సినవి తిట్టేసి, ఆ తర్వాత అడుగుతాను.