కారం చేతులు

గుంటూరులో మిరప తొడిమలు తీసే కూలి తల్లుల పసిపిల్లల కోసం మా ముందుగదిలో శిశు సంరక్షణ కేంద్రం పెట్టిన కొత్తలో జరిగిందిది. మా దగ్గర ఒకటే కట్టుబాటు. చేతులకు కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడుక్కున్నాకే ఏ తల్లైనా బిడ్డను ముట్టుకోవాలి.

ఒక మధ్యాహ్నం శీను తాగి వచ్చాడు. వాడి తన్నులు పడలేక భార్య కోటేశ్వరి పుట్టింట్లో ఉంటూ, బిడ్డను మా దగ్గర వదిలి తొడిమల పనికి వెళ్తోంది.

"నా కొడుకుని ఇటియ్యి! అదెట్టా కాపురానికి రాదో చూస్తా!" అని అరిచాడు.

"తల్లికి తప్ప ఎవరికీ ఇవ్వను" అన్నాను.

ఇటుక తీసి నా నుదుటి మీద కొట్టాడు. నెత్తురు కళ్ళలోకి కారుతున్నా బిడ్డను గుండెకు అదుముకుని కూలబడ్డాను. వాడు పసివాడి కాలు పట్టుకుని లాగసాగాడు.

ఇంతలో ఎవరో చెబితే కోటేశ్వరి పనిలోంచి పరిగెత్తుకొచ్చింది. వెనకనుంచి వాడి జుట్టు పట్టి, కారం అంటిన అరచేత్తో కళ్ళు రుద్దేసింది. వాడు గావుకేకలు పెడుతూ కిందపడ్డాడు.

"నా బిడ్డని ముట్టుకుంటావంట్రా!" అంటూ డొక్కలో తన్నింది.

బిడ్డ తల్లివైపు చేతులు చాచి గుక్కపట్టాడు. నేను అందించబోయాను. కోటేశ్వరి చటుక్కున వెనక్కి జరిగి, చేతులు వీపు వెనక దాచుకుంది.

"వద్దక్కా, కారం చేతులు! ముందు నూనె పొయ్యి" అంది, ఏడుస్తూ.

నా నుదుటి మీద కుట్ల మచ్చ ఇంకా ఉంది. నూనె సీసా ఆ రోజునుంచీ గుమ్మం దగ్గరే పెడుతున్నాను.